వ్యాను డోర్ ప్యాడ్ విప్పేముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి నువ్వు ఓమ్నీ కొన్నావని చెప్పింది. చాలా సంతోషమేసింది. టిఫిన్ సెంటరుకి సరుకులు తెచ్చుకోవడానికీ, ఫంక్షన్ల ఆర్డర్లు మోసుకెళ్ళడానికీ ఆ బండి నీకు బాగా పనికొస్తుంది. డ్రైవరు వైపు గ్లాసు సగంలో ఆగిపోయి పైకి రావట్లేదనీ, వాన పడితే సీటు తడిసిపోతోందనీ, ఆదివారం నువ్వే తలుపు విప్పి చూద్దామనుకుంటున్నావనీ కూడా చెప్పింది. విప్పు. తప్పకుండా నువ్వే విప్పు. కానీ స్క్రూడ్రైవరు పట్టుకునేముందు ఈ ఉత్తరం రెండుసార్లు చదువు. ఫోనులో చెబితే సగం చెవిన పడుతుంది, సగం గాలికి పోతుంది. కాగితం అయితే పని చేస్తూ పక్కన పెట్టుకుని చూసుకోవచ్చు.

కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని ఇరవై ఏళ్ళపైన నేను ఆ బండే నడిపాను. 1984లో వచ్చినప్పుడు దాని పేరు ఉత్త మారుతీ వ్యాన్. 1988లో ఓమ్నీ అన్నారు. 2019లో తయారీ ఆపేశారు. పేరు మారినా, ముందు ముఖం మారినా తలుపు లోపలి సంగతి మాత్రం పెద్దగా మారలేదు. ఒక ఇనప పెట్టె, దాని మీద రెగ్జిన్ తొడిగిన అట్ట, ఆ అట్టని పట్టుకోవడానికి ప్లాస్టిక్ క్లిప్పులు, నాలుగు స్క్రూలు. ఆ అట్టనే మనవాళ్ళు డోర్ ప్యాడ్ అంటారు. అది తీయడం అరగంట పని. తిరిగి బిగించడానికి మాత్రం ఒక పూట పెట్టుకో. తేడా ఎందుకో చెబుతాను.

ప్యాడ్ తీయగానే నీకు పాలరంగు పాలిథిన్ కవరు ఒకటి కనిపిస్తుంది, తలుపు ఇనుముకి నల్లటి జిగురుతో అంటించి ఉంటుంది. పాత బండి కాబట్టి దుమ్ము పట్టి, ముడతలు పడి, చూడటానికి చెత్తలా ఉంటుంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే ఆ కవరు కోసం. గ్లాసు మిషన్, అంటే హ్యాండిలు తిప్పితే గ్లాసుని పైకీ కిందికీ నడిపేది, ఇవాళ కాకపోతే రేపు మార్చుకోవచ్చు. ఆ కవరు పోతే మాత్రం బండి అడుగు నుంచి కుళ్ళుతుంది, నీకు తెలిసేసరికి ఏడాది దాటిపోతుంది.

వాన పడినప్పుడు గ్లాసు మీద పడ్డ నీళ్ళు గ్లాసు వెంటే జారి తలుపు పొట్టలోకి దిగుతాయి. అది లోపం కాదు, దాన్ని చేసినవాళ్ళు అలా దిగుతాయని తెలిసే చేశారు. బయటి వైపు రబ్బరు బీడింగు కొంత ఆపుతుంది, అంతా ఆపదు. దిగిన నీళ్ళు తలుపు అడుగుకి చేరి, అక్కడున్న చిన్న చిన్న రంధ్రాల్లోంచి రోడ్డు మీదికి పోవాలి. తలుపు లోపలి రేకుకి పెద్ద పెద్ద కిటికీల్లాంటి ఖాళీలు ఉంటాయి, చెయ్యి పెట్టి పని చేసుకోవడానికి. ఆ ఖాళీల్లోంచి నీళ్ళు ఇవతలికి చిందకుండా అడ్డం నిలబడేది ఆ కవరే. అది లేకపోతే చిందిన ప్రతి చుక్కా అట్ట వీపు మీద పడుతుంది. అట్ట తాగినంత తాగుతుంది, మిగిలింది మ్యాటు కిందకి పోతుంది. మ్యాటు కిందికి పోయిన నీళ్ళు ఎండలో కూడా ఆరవు.

నాకు ఇది ఎలా తెలిసిందో కూడా రాస్తాను. బండి కొన్న మూడో ఏడు కాబోలు, నాదీ గ్లాసు మిషనే పోయింది. ఒక షెడ్డులో ఇచ్చాను. అక్కడి కుర్రాడు ఆ కవరుని ఒక్క లాగు లాగి, ఉండ చేసి మూల పడేశాడు. నాకప్పుడు తెలియదు, నేనూ పక్కనే నిలబడి చూశాను. గ్లాసు బాగానే పనిచేసింది, డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ వానాకాలం నడుమ బండిలో ముక్కవాసన మొదలైంది. తడి మొక్కలు మోసే బండి కదా, మట్టి వాసనేమో అనుకున్నాను. దీపావళి నాటికి ప్యాడ్ కింది అంచు నీళ్ళలో నానిన అప్పడంలా ఉబ్బి, రెగ్జిన్ ఊడి వేలాడింది. క్లిప్పులున్న చోట అట్ట పిండిలా రాలిపోయింది. మ్యాటు ఎత్తితే పెడల్స్ దగ్గర రేకు గోరుతో గీకితే పొరలు పొరలుగా లేచి వచ్చింది. టింకరింగు చేసే ఆయన అడుగు రేకు రెండు జానల మేర కోసేసి కొత్తది వెల్డింగు పెట్టాడు. ఆ వారం రోజులూ బండి లేక నర్సరీ వాళ్ళకి ఒప్పుకున్న లోడ్లు వేరేవాళ్ళకి వదిలేసుకున్నాను. ఒక్క పాలిథిన్ ముక్క పోయినందుకు.

అందుకే చెబుతున్నాను, నువ్వు తలుపు విప్పితే ఆ కవరు నీ చేతిలో భద్రంగా ఉంటుంది.

ఇక పనిలోకి వద్దాం. ముందు సామాన్లు సమకూర్చుకో. స్టార్ స్క్రూడ్రైవరు ఒకటి, పెయింటు షాపులో దొరికే వెడల్పాటి పుట్టీ బ్లేడు ఒకటి, 10 నంబరు పానా, కటింగ్ ప్లేయరు, కాగితం టేపు, చేతికి గట్టి గ్లౌజులు. ఇంట్లోంచి రెండు పాత గుడ్డలు, ఇడ్లీ రేకు మీద వేసే నూలు గుడ్డలాంటిదైనా ఫర్వాలేదు. ప్యాడ్ క్లిప్పులు ముందే ఒక పది కొనిపెట్టుకో. పాత ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కి ఉంటుంది, నువ్వెంత జాగ్రత్తగా తీసినా రెండు మూడు తలలు విరుగుతాయి. విరిగినందుకు బాధపడకు, లేనందుకు ఆరింటిలో నాలుగే పెట్టి సరిపెట్టుకోవడం మాత్రం వద్దు. అలా సరిపెట్టిన ప్యాడే తర్వాత గోతుల రోడ్డు మీద టపటపా కొట్టుకుంటుంది. కొనేటప్పుడు పాత క్లిప్పు ఒకటి ఊడదీసి చేతిలో పట్టుకెళ్ళు, మెడ లావు, తల వెడల్పు సరిపోల్చి తీసుకో. ఏలూరులో దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌లో ఈ బండి సామాన్లకి కొదవ లేదు.

పొద్దున్నే మొదలుపెట్టు, నీడలో. కానీ చలి పొద్దు అయితే మాత్రం తలుపుకి ఒక అరగంట ఎండ తగలనివ్వు. చల్లటి ప్లాస్టిక్ చప్పున విరుగుతుంది, చల్లటి జిగురు కవరుని వదలదు. బండి కింద ఒక పాత దుప్పటి పరుచు. ఏది కిందపడినా అందులోనే పడాలి.

నీకంటే ముందు ఓనరు సెంట్రల్ లాకింగో, పవర్ విండో కిట్టో పెట్టించి ఉంటే తలుపులో వైర్లు ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేసి మొదలుపెట్టు. ఇది పాత బండి కాబట్టి ఇంతకంటే భయం లేదు. రేపెప్పుడైనా ఎయిర్ బ్యాగులున్న కొత్త బండి తలుపు విప్పాల్సి వచ్చి, లోపల పసుపుపచ్చ కనెక్టరు కనబడితే దాని మీద చెయ్యి వేయకు, షోరూమ్‌కి పంపు.

మొదట గ్లాసు తిప్పే హ్యాండిలు. దీనికి స్క్రూ కనిపించదు. చాలామంది ఇక్కడే తికమకపడి స్క్రూడ్రైవరు పెట్టి పెకలించి, హ్యాండిలూ విరగ్గొట్టి, వెనక రెగ్జినూ చింపుతారు. హ్యాండిలు వెనక, ఇరుసుని పట్టుకుని సన్నటి స్ప్రింగు తీగ క్లిప్పు ఒకటి ఉంటుంది, గుర్రపు లాడం ఆకారంలో. దాన్ని ఊడదీయడానికి గుడ్డ చాలు. నూలు గుడ్డని మూరెడు పొడవున చింపు. పాలిస్టరు వద్దు, అది జారిపోతుంది. హ్యాండిలుకీ దాని వెనకున్న ప్లాస్టిక్ బిళ్ళకీ నడుమ సందులోకి గుడ్డని దూర్చి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, బూటు పాలిష్ చేసేటప్పుడు లాగినట్టు అటూ ఇటూ లాగు. నూలు పోగులు తీగ కొసలకి తగులుకుని క్లిప్పుని నెట్టుకొస్తాయి. ఐదారు లాగులకి రాకపోతే హ్యాండిలుని పావు చుట్టు తిప్పి ఇంకో వైపు నుంచి లాగు. నీది సగంలో ఇరుక్కుంది కాబట్టి తిరిగినంతే తిప్పు, బలం పెట్టకు.

ఆ క్లిప్పు నెమ్మదిగా రాలదు, ఎగురుతుంది. ముఖం ఎదురుగా పెట్టుకోకు. పక్కన తమ్ముడినో ఎవరినో తువ్వాలు పరిచి పట్టుకోమను. ఏ వైపు నుంచి ఊడిందో చూసుకో, తిరిగి అదే వైపు నుంచి పెట్టాలి. హ్యాండిలు వెనక బిళ్ళలూ, స్పాంజి రింగో స్ప్రింగో ఉంటే అవీ, వచ్చిన వరుసలోనే ఒక దారానికి గుచ్చి ముడి వెయ్యి. నేను ఫోటో తీసుకోమని చెప్పను, నువ్వెలాగూ తీస్తావు. దారం మాత్రం తప్పదు, ఎందుకంటే ఫోటో ఉన్నా బిళ్ళ పోతుంది.

హ్యాండిలు తీసేముందు ఇంకో మాట. గ్లాసు పూర్తిగా పైకున్నప్పుడు అవతలి తలుపు హ్యాండిలు ఏ దిక్కుకి చూస్తోందో గుర్తు పెట్టుకో. బిగించేటప్పుడు ఇదీ అలాగే చూడాలి, లేకపోతే హ్యాండిలు మోకాలికి తగులుతూ ఉంటుంది.

తర్వాత తలుపు తెరిచే లోపలి హ్యాండిలు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గిన్నె, చెయ్యి ఆనించే పట్టీ. వీటికి స్క్రూలు పైకే కనిపిస్తాయి, లేదా చిన్న మూత కింద ఉంటాయి. మూతని గోరుతో ఎత్తు. ఏ స్క్రూ ఎక్కడిదో ఒక అట్ట మీద తలుపు బొమ్మ గీసి, స్క్రూలని ఆ చోట గుచ్చి పెట్టు. పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ చోట పెడితే అది వెనక ఏ వైరుకో గుచ్చుకుంటుంది.

ఇక క్లిప్పులు. కింద మూల నుంచి మొదలుపెట్టు. పుట్టీ బ్లేడుకి గుడ్డ చుట్టి, అట్టకీ ఇనుముకీ నడుమ దూర్చి, మెల్లగా పక్కకి జరుపుతూ పో. ఒకచోట అది ఆగుతుంది. అదే క్లిప్పు. బ్లేడుని సరిగ్గా ఆ క్లిప్పు పక్కకి తెచ్చి, అక్కడే ఎత్తు. రెండు క్లిప్పుల నడుమ చెయ్యి పెట్టి లాగావో, క్లిప్పు తలుపులోనే ఉండిపోయి అట్టకి చిల్లు పడి నీ చేతికొస్తుంది. టక్ మని ఒకటి విడిపోయాక దాని పక్కది, అలా కింద అంచు, తర్వాత రెండు పక్కలు. పై అంచు చివరికి. పై అంచు గ్లాసు బీడింగు కింద ఇరికించి ఉంటే ఇవతలికి లాగకు, పైకి ఎత్తు. మొత్తం ఊడాక కూడా ఒక్కసారిగా లాగెయ్యకు. వెనక స్పీకరు వైరో లాక్ వైరో ఉంటే తెగుతుంది. ఒక చేత్తో ప్యాడ్ పట్టుకుని, తల వంచి వెనక చూసి, కనెక్టరుని కనెక్టరు దగ్గరే పట్టుకుని విప్పు. క్లిప్పు ఏదైనా తలుపులో ఉండిపోతే కటింగ్ ప్లేయరుతో మెడ పట్టుకుని తిన్నగా లాగు.

ఇప్పుడు కవరు. ఇక్కడ తొందర వద్దు. నీకు చేయి పెట్టాల్సింది పెద్ద ఖాళీ ఒక్కటే అయితే మొత్తం కవరు తీయాల్సిన పనే లేదు. పై మూల నుంచి మొదలుపెట్టి సగం వరకు విప్పి, మడిచి కాగితం టేపుతో తలుపుకే అంటించు. విప్పేటప్పుడు కవరుని లాగకు, జిగురుని విడదీయి. రెండూ ఒకటి కాదు. ఎడమ చేత్తో కవరు అంచుని మెత్తగా బిగపట్టి, కుడి చేత్తో పుట్టీ బ్లేడుని జిగురు కింద ఇనుముకి ఆనించి నెమ్మదిగా కోసుకుంటూ పో. జిగురు రాయిలా గట్టిపడి ఉంటే చెల్లెలి హెయిర్ డ్రయ్యరు ఒక నిమిషం పట్టు, వెన్నలా అవుతుంది. జిగురు వైపు జిగురు మీదే మడవకు, మళ్ళీ విడదీయలేవు. దుమ్ము అంటనివ్వకు.

నీ బండికి అసలు కవరే లేకపోవచ్చు. అంతకుముందు ఎవరో లాగేసి ఉండొచ్చు. అలా అయితే కొత్తది నువ్వే చెయ్యాలి, అది ఈ పనిలో కలిపి చేసుకోవాల్సిందే, తర్వాత చూద్దాం అనుకోకు. మందపాటి పాలిథిన్ కావాలి. చేలో వేసే మల్చింగు షీటు పల్చన, పనికిరాదు. టార్పాలిన్ షాపులో మీటర్ల లెక్కన అమ్మే మందం కవరు తీసుకో, లేదా ఎరువుల బస్తా లోపలి కవరు గట్టిది దొరికితే కడిగి ఆరబెట్టి వాడు. డోర్ ప్యాడ్‌ని దాని మీద పెట్టి చుట్టూ గీత గీసి, క్లిప్పు రంధ్రాలకి లోపలి వైపుగా కోయి. క్లిప్పులు కవరుని గుచ్చుకుని పోకూడదు. కింది వైపు మాత్రం నాలుగు వేళ్ళు ఎక్కువ ఉంచు. గ్లాసు ఇరుసుకీ, లోపలి హ్యాండిలుకీ గుండ్రంగా కోయకు, చిన్న ఇంటూ గుర్తులా బ్లేడుతో గీటు పెట్టు. ఇరుసు దూరాక ఆ నాలుగు చెవులూ దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, నీళ్ళకి దారి ఉండదు.

ఆ కింద వదిలిన నాలుగు వేళ్ళే అసలు గుట్టు. కవరు కింది అంచు తలుపు రేకు మీదుగా కాదు, రేకు ఖాళీలోంచి తలుపు లోపలికి దోపాలి. అప్పుడు కవరు మీద జారిన నీళ్ళు తలుపు పొట్టలోకే పోతాయి. మన పెంకుటింటి చూరు గోడకి బయట ఉంటుంది కదా, గోడ లోపల ఉంటే ఏమవుతుందో ఆలోచించుకో. కవరుని రేకు మీద అందంగా అంటించి, కింది అంచు ఇవతలే వదిలేస్తే అది నీళ్ళని పోగుచేసి తిన్నగా నీ మ్యాటు మీద పోస్తుంది. కవరు లేనిదాని కంటే అది ఎక్కువ చేటు.

అంటించడానికి బ్యూటైల్ టేపు వాడు. నల్లగా, చూయింగ్ గమ్‌లా సాగుతుంది, ఎన్నేళ్ళైనా మెత్తగా ఉంటుంది, మళ్ళీ విప్పాల్సి వస్తే విడిపోతుంది. సిలికాన్ ట్యూబు వాడమని ఎవరైనా చెబితే వినకు. వెనిగరు వాసన వచ్చే సిలికాన్ ఇనుముని తినేస్తుంది. పైగా సిలికాన్ ఒకసారి పూసిన చోట తర్వాత ఇంకే జిగురూ పట్టదు. ఫెవిబాండూ వద్దు, ఎండకి వదిలేస్తుంది.

గ్లాసు మిషన్ సంగతి కొంచెమే రాస్తాను, అది చూశాక నీకే అర్థమవుతుంది. చెయ్యి లోపల పెట్టేముందు గ్లౌజులు వేసుకో, పొడుగు చేతుల చొక్కా వేసుకో. ఆ ఖాళీల అంచులు మూలలో బ్లేడులా ఉంటాయి. గ్లాసుని చేత్తో పైకి నెట్టి, కాగితం టేపు గ్లాసు ఈ వైపు నుంచి తలుపు ఫ్రేము మీదుగా ఆ వైపుకి రెండు చోట్ల వేసి నిలబెట్టు. ఆ తర్వాతే మిషన్ బోల్టులు విప్పు. ముందే విప్పావో, గ్లాసు గిలటిన్‌లా దిగుతుంది. పళ్ళు అరిగాయా, రోలరు గాడిలోంచి తప్పిందా చూడు. చాలాసార్లు రోలరు తప్పడమే ఉంటుంది. దాన్ని గాడిలో పెట్టి గ్రీజు రాస్తే కొత్త మిషనే అక్కర్లేదు. గ్రీజు పళ్ళకీ రోలరుకీ మాత్రమే. గ్లాసు జారే రబ్బరు ఛానెలుకి గ్రీజు పూయకు, రబ్బరు ఉబ్బి గ్లాసుని పట్టేస్తుంది. దానికి పంక్చరు షాపులో వాడే ఫ్రెంచ్ చాక్ పొడి చాలు.

తలుపు తెరిచి ఉన్నప్పుడే దాని అడుగు చూడు. దుమ్మూ, ఆకులూ, ఎండిన బురదా పేరుకుని ఉంటాయి. చేత్తో తీసి, రంధ్రాల్లో సైకిలు స్పోకు పెట్టి పొడు. కింద నుంచి పైకి పొడిస్తే మట్టి మళ్ళీ లోపలికే పోతుంది, రెండు వైపులా చెయ్యి. తుప్పు మొదలై ఉంటే వైరు బ్రష్షుతో గీకి, ఆరబెట్టి రెడ్ ఆక్సైడ్ వెయ్యి. వేసేటప్పుడు రంధ్రాలు మూసుకుపోకుండా స్పోకు అందులోనే ఉంచు.

ఇప్పుడు రెండు పరీక్షలు. ప్యాడ్ పెట్టకముందే.

మొదటిది లాక్. తలుపు మూసి చూడకు. లోపలి రాడ్ ఏదైనా కొక్కెం నుంచి తప్పి ఉంటే ఒకసారి మూసుకున్న తలుపు ఇక తెరుచుకోదు, దాన్ని తెరవడానికి నువ్వు పడే పాట్లు నేను పడ్డాను. తలుపు తెరిచే ఉంచి, పక్కనున్న లాక్ నాలుకని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసుకున్నట్టు చెయ్యి. లోపలి హ్యాండిలు లాగు, విడిపోవాలి. మళ్ళీ నొక్కు, బయటి హ్యాండిలు లాగు. మళ్ళీ నొక్కి తాళం వేసి, తాళంచెవితో తీసి చూడు. అన్నీ సరిగ్గా ఉంటేనే తలుపు మూయి.

రెండోది నీళ్ళు. కవరు అంటించాక, గ్లాసు పైకెత్తి, తలుపు మూసి, బయట నుంచి గ్లాసు మీద ఒక చెంబెడు నీళ్ళు నెమ్మదిగా పోయాలి. లోపల కూర్చుని తమ్ముణ్ణి పోయమను. కవరు వెనక నీళ్ళు జారడం నీకు కనబడుతుంది. ఇవతల అంచుల్లో ఎక్కడా తడి రాకూడదు. బయట తలుపు అడుగు నుంచి ధారగా కారాలి. వేలితో కింది అంచంతా తడుము. ఎక్కడ తడి తగిలితే అక్కడ టేపు ఇంకొంచెం. ఈ పరీక్షలో నెగ్గిన తలుపుకి నేను పూచీ.

ప్యాడ్ అట్ట బాగుంటే సరే. కింద ఉబ్బి ఉంటే 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు తెచ్చి పాతదాన్ని మీద పెట్టి గీసి కోయి. క్లిప్పు రంధ్రాలు కొంచెం తేడా వచ్చినా కూర్చోవు, వాటిని పాత అట్టలోంచే డ్రిల్లు పెట్టి దించు. రెగ్జిన్ అంటించేముందు అట్ట వెనక వైపుకీ అంచులకీ ఎనామెల్ పెయింటు ఒక కోటు వేసి ఆరనివ్వు. కంపెనీ నుంచి వచ్చిన అట్ట వీపు పచ్చిగా ఉంటుంది, అందుకే నీళ్ళు తాగుతుంది. మనం చేసుకునేది అలా వదలక్కర్లేదు. రెగ్జిన్‌కి మాత్రం ఫెవిబాండే. రెండు వైపులా పూసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటీ అంటకుండా అయ్యాక అద్దు. తడిగా ఉండగా అద్దితే ముడతలు లేస్తాయి.

స్పీకర్ల కోసం ప్యాడ్‌కి చిల్లు పెట్టాలని నీకు అనిపిస్తుంది. డ్యాష్‌బోర్డు మీదో వెనకో పెట్టుకో. తలుపుకి స్పీకరు అంటే కవరుకి అరచేయంత రంధ్రం.

బిగించేటప్పుడు ముందు పై అంచు కూర్చోబెట్టు. తర్వాత ప్యాడ్‌ని ఒక వేలు ఎడం ఉంచి, ప్రతి క్లిప్పూ తన రంధ్రానికి ఎదురుగా ఉందా అని పక్క నుంచి చూడు. ఉన్నాక అరచేతి మడమతో, సరిగ్గా క్లిప్పు ఉన్న చోట నొక్కు. పిడికిలితో గుద్దొద్దు. టక్ మన్న చప్పుడు రావాలి, వేళ్ళకీ తెలుస్తుంది. మెత్తగా వెళ్ళిపోయి చప్పుడు రాకపోతే క్లిప్పు మడతపడినట్టే. ఆపి, తీసి, సరిచేసి మళ్ళీ పెట్టు. స్క్రూలు ప్లాస్టిక్‌లోకి వెళ్ళేవి కాబట్టి ముందు ఎడమకి, అంటే విప్పే వైపుకి, నెమ్మదిగా తిప్పు. ఒకచోట స్క్రూ చిన్నగా కిందికి దిగినట్టు వేళ్ళకి తెలుస్తుంది. అది పాత మర దొరికినట్టు. అక్కడి నుంచి కుడికి తిప్పి చేతి బిగువుతో ఆపు. గ్లాసు హ్యాండిలుకి తీగ క్లిప్పుని ముందే హ్యాండిలులో పెట్టి, దారంలోని బిళ్ళలు వరుసగా ఇరుసుకి ఎక్కించి, అవతలి హ్యాండిలు చూసే దిక్కుకే ఇదీ పెట్టి అరచేత్తో ఒక్క పోటు. కూర్చుంటుంది.

పక్క జరిగే తలుపులు ఇంతకంటే తేలిక, వాటికి తిప్పే హ్యాండిలు లేదు. వాటి లోపలి కవరు కూడా ఎప్పుడో ఒక ఆదివారం చూసుకో, దసరా దాటాక కాదు, ముందే. కార్తీకం ముసురు పట్టిందంటే ఏలూరులో ఎండ కోసం ఎదురుచూడాలి.

బ్యూటైల్ టేపు చుట్ట నా దగ్గర సగం ఉంది, మందం పాలిథిన్ మూడు మీటర్లు కూడా. రెండూ రేపు ఆర్టీసీ పార్శిల్‌లో వేస్తున్నాను, ఎల్లుండి సాయంత్రం బస్టాండుకి వెళ్ళి తీసుకో. ఆదివారం చెంబెడు నీళ్ళు పోసేటప్పుడు వీడియో కాల్ చెయ్యి, కింది అంచు నేనూ చూస్తాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య